స్తంభం వెనక సీటు

మా మృదంగం గురువుగారు కామశాస్త్రిగారు. ఏదైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. మేం వెంట నడవాలి. దారిలో జవాబు దొరుకుతుంది, లేకపోతే కాళ్లయినా నొప్పెడతాయి.

ఆ సాయంత్రం, మాతో పాటు మృదంగం నేర్చుకునే హిమజ అడిగింది: "మోసపోతే ఓర్చుకోవాలా, పోట్లాడాలా గురువుగారూ?"

అదేదో శాస్త్రచర్చ కాదు, దాని సొంత గొడవ. చెన్నై నుంచి వచ్చిన పెద్ద విద్వాంసుడి కచేరీకి టికెట్లు అయిపోతే, ముందే కొని దాచుకున్న టీవీల షాపు పానకాలు దగ్గర ఎక్కువ ధర పెట్టి కొనుక్కుంది. వాయించేటప్పుడు నాదం పలకడానికి ఆయన ఉంగరపు వేలు మృదంగం మీద కదలకుండా ఎక్కడ ఆనుతుందో చూడాలని దాని తపన. "వేళ్లేమిటమ్మా, గోళ్లు కూడా కనిపిస్తాయి" అన్నాడు పానకాలు. తీరా వెళితే సీటు స్తంభం వెనక. రేపు రెండో కచేరీ చేసి ఆయన వెళ్లిపోతారు. దానికి హాల్లో టికెట్లున్నాయి, దీని చేతిలోనే డబ్బు లేదు.

గురువుగారు చెప్పులు వేసుకున్నారు.

షాపులో గోడ నిండా టీవీలున్నా, కరెంటు బిల్లుకి భయపడి పానకాలు ఒక్కటే పెడతాడు. అందులో క్రికెట్, ఆఖరి ఓవర్. గురువుగారు డబ్బు మాట ఎత్తగానే, కళ్లు తిప్పకుండా, "కచేరీ వినడానికే కదండీ శాస్త్రిగారూ! అమ్మాయికి వినపడలేదా ఏం?" అన్నాడు.

హిమజ ముఖం కందిపోయింది. నోరు తెరవబోతుంటే గురువుగారు చెయ్యెత్తి ఆపారు. "వెళ్లి ఆ టీవీకి అడ్డంగా నుంచోమ్మా. కదలకు."

నుంచుంది.

"పక్కకి జరుగమ్మా!"

"స్తంభాలు జరగవు బాబాయ్."

"బంతి కనపడట్లేదే!"

"కామెంటరీ వినపడుతోందిగా పానకాలూ," అన్నారు గురువుగారు, స్టూలు మీద సర్దుకుని కూర్చుంటూ.

పానకాలు అటు వంగాడు, ఇటు వంగాడు. బతిమాలాడు, పోలీసుల్ని పిలుస్తానన్నాడు. హిమజ పాదం మాత్రం కదల్లేదు. ఇంతలో దాని వీపు వెనక స్టేడియం హోరెత్తిపోయింది. సిక్సరో, వికెట్టో! పానకాలు ఏడుపు ముఖంతో గల్లాపెట్టె తెరిచాడు.

తిరిగి వస్తుంటే హిమజ ఉండబట్టలేక, "ఇంతకీ నేను పోట్లాడినట్టా, ఓర్చుకున్నట్టా?" అంది.

గురువుగారు తన ఉంగరపు వేలు ఎత్తి చూపించారు.

"రేపు హాల్లో కొట్టే వేలిని అందరూ చూస్తారు. ఆయన కదలకుండా ఆనించి ఉంచిన వేలిని నువ్వు చూడు."