శౌరమ్మ గుంట

పల్నాటి వైపు బోడిమెట్టపాడు ఊరి చివర, పత్తి చేల నడుమ ఉన్న ఈ చిన్న క్రైస్తవ దేవాలయాన్ని అందరూ శౌరమ్మ గుంట అంటారు. బలిపీఠం ముందు నేలలో నడుము లోతు గొయ్యి ఉంది. దానిలోకి దిగడానికి మెట్లు కట్టారు. కొత్తగా వచ్చిన యాత్రికులు లోపలికి తొంగి చూసి, అటూ ఇటూ చూసి, "ఇక్కడేం దొరికిందండీ?" అని గొంతు తగ్గించి అడుగుతారు. దేవాలయం కట్టకముందు నుంచీ ఆ ప్రశ్న ఉంది.

పూర్వం ఇక్కడ ఒక పూరిల్లు ఉండేది. అందులో శౌరమ్మ అనే విధవరాలు మోదుగాకులతో విస్తళ్లు కుట్టుకుని బతికేది. భర్త జబ్బుకే పొలమంతా హరించుకుపోయింది. అయినా ఆమె ఎవరి ముందూ గోడు వెళ్లబోసుకోలేదు. వానలు లేని ఏడు కూడా ఇంత సంకటి తిని, ఇంటి మూల మోకరించి, నేలకు నుదురు ఆనించి, "ఈ పూటకు చాలు తండ్రీ" అనేది. ప్రతి శనివారం ఆ మూలను అలికి ముగ్గుతో సిలువ వేసేది.

ఊళ్లో పెద్ద రైతు ఇన్నారెడ్డి ఆమెకు వరసకు మరిది. మాగాణి, మెట్ట, మేడ అన్నీ ఉన్నా అతనికి మనశ్శాంతి లేదు. ఆమె నిమ్మళం అతనికి మింగుడుపడలేదు. ఏమీ లేని మనిషి అలా ఎందుకుంటుంది? వాళ్ల తాత ఒక బిందె వెండి ఎక్కడో పాతిపెట్టాడని ఇంట్లో చెప్పుకునేవారు. అది ఈమెకే దొరికిందని అతని అనుమానం. క్రమంగా ఊరికీ ఆ అనుమానం అంటుకుంది. ఆమె పాత చీర కడితే నటన అన్నారు. బిచ్చగాడికి సంకటి పెడితే, ఉంది కాబట్టే పెడుతోందన్నారు.

ఇన్నారెడ్డి ఆమెను పరీక్షించాలనుకున్నాడు. "వదినా, ఈ కొంప నాకియ్యి. బదులుగా కాలవ కింద ఎకరం రాసిస్తా" అన్నాడు.

"ఆ ఎకరం నేనేం చేసుకోను ఇన్నయ్యా? ఇక్కడ నా మోకాళ్లకు అలవాటైన చోటుంది. నాకది చాలు" అంది శౌరమ్మ.

ఇన్నారెడ్డికి ఇంక సందేహం లేకపోయింది. వెండి ఆ మూల కిందే ఉంది! లేకపోతే రోజూ నేలకు తల ఆనించి ఏం వింటుంది? వారం వారం అలికేది తవ్విన జాడ కప్పడానికే.

మర్నాడు, తాత కలలోకి వచ్చి ఆ మూల చూపించాడని అతను చెప్పుకున్నాడు. తాత వచ్చాడో, ఇతనే రప్పించాడో దేవునికే తెలియాలి. ఆదివారం ఊరంతా దూరాన ఉన్న దేవాలయానికి పూజకు వెళ్లింది. కడుపునొప్పి వంకతో ఇన్నారెడ్డి ఆగిపోయాడు. పాలేరును నమ్మలేక తానే గడ్డపార పట్టి, సిలువ ముగ్గు మీదే మొదటి పోటు వేశాడు. ఎర్రమట్టి వచ్చింది, సుద్దమట్టి వచ్చింది, చివరికి రాయి తగిలింది. గోడ పక్కకు తవ్వేసరికి గుంజ కదిలి కప్పు సగం కూలింది.

పొద్దుగూకే వేళకు తిరిగొచ్చిన శౌరమ్మ అది చూసి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. భక్తురాలు కదా, ఏడవదనుకోకండి. ఉన్న ఒక్క ఇల్లు పోతే ఎవరైనా ఏడుస్తారు. తర్వాత కళ్లు తుడుచుకుంది.

"ఏమన్నా దొరికిందా ఇన్నయ్యా? దొరికితే పట్టుకుపో. లేకపోతే పైకి రా, నేను మోకరించాలి" అంది.

అతను పైకి రాగానే ఆమె ఆ గొయ్యిలోకి దిగి, ఎప్పటిలాగే, "ఈ పూటకు చాలు తండ్రీ" అంది.

ఇన్నారెడ్డికి అప్పుడూ సిగ్గు వేయలేదు. వెండిని చోటు మార్చిందనుకున్నాడు. కూలిన కప్పు వేయించే సాకుతో ఇల్లంతా వెతకవచ్చని ఆ పని తానే చేయించాడు. గొయ్యి మాత్రం పూడ్చనివ్వలేదు. ఆమె బతికినంత కాలం ఏదో వంకతో వచ్చి కనిపెడుతూనే ఉన్నాడు. ఆమె చనిపోయిన రోజున అందరికంటే ముందు వచ్చి చాప దులిపాడు, కుండలు బోర్లించాడు, తలగడ చింపాడు. ఒక జపమాల, సగం కుట్టిన విస్తరి కనిపించాయి. ఇన్నారెడ్డి గొయ్యి అంచున కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"వదినా, నిజంగానే ఏమీ లేదా? ఏమీ లేకుండానే అంత నిమ్మళంగా ఉన్నావా?" అన్నాడు.

ఈ దేవాలయం కట్టించింది అతనే. గొయ్యిని తవ్వింది తవ్వినట్టే ఉంచమన్నాడు.

నేటికీ ఇక్కడికి వచ్చినవారు చెప్పులు విడిచి, సంచీలు పైన పెట్టి, గొయ్యిలోకి దిగి మోకరిస్తారు. శౌరమ్మ అన్న ఆ ఒక్క మాటా అని ఎక్కిరావాలి. ఇంకేమీ అడగకూడదు. కొందరి పెదవులు ఆ తర్వాత కూడా కదులుతాయి. ఈ గుడి కనిపెట్టుకుని ఉండే మేం చూస్తూనే ఉంటాం. కొందరు రాయిని వేలితో తట్టి చెవి పెడతారు. ఇక్కడ దిగితే సిరి కలుగుతుందని చెప్పేవారిని దయచేసి నమ్మవద్దు. "ఈ పూటకు చాలు" అన్న మాట కూడా మొదట్లో అబద్ధంగానే నోటికొస్తుంది, భయపడవద్దు. ఇన్నారెడ్డి ముసలితనంలో రోజూ దిగేవాడు. ఇన్నేళ్లూ ఆ మాట అబద్ధంగానే అన్నానని ఒకనాడు పూజ అయ్యాక అందరి ముందూ ఒప్పుకున్నాడట. "మరి ఇప్పుడో?" అని ఫాదరుగారు అడిగారు. అతను, "ఇవాళ పొద్దున నిజంగానే వచ్చిందండీ" అన్నాడట.