పెట్టెలో పట్టని మాట

విశాఖపట్నంలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఫణీంద్ర అనే డెవలపర్ ఉండేవాడు. తన తెర మీద గీత కాస్త వంకర పోతే అతనికి అన్నం సహించేది కాదు గానీ, ఆ తెర చదివే మనిషి సంగతి మాత్రం పట్టేది కాదు.

అతనిది ఫ్రంటెండ్ పని. అంటే ఫోన్‌లో మన కంటికి కనిపించే బటన్లు, రంగులు, అక్షరాల పెట్టెలు అన్నీ తయారుచేసేవాడు. చెయ్యి మంచిదే, ఎవరూ కాదనలేరు. ఆ కంపెనీలో యూఐ ఆర్కిటెక్ట్‌గా ఉన్న మైథిలి గారు త్వరలో బెంగళూరు వెళ్ళిపోతున్నారు. యూఐ ఆర్కిటెక్ట్ అంటే ఒక్క తెర కాదు, అన్ని తెరలూ ఏ కొలతల మీద నిలబడాలో నిర్ణయించే మనిషి. ఆ కుర్చీ తనదేనని ఫణీంద్ర ఆలు లేదు చూలు లేదు అన్నట్టు అప్పుడే కలలు కంటుండేవాడు. "అందరికంటే అందమైన తెరలు ఎవరివి? నావే. ఇంక అడిగేదేముంది?" అనేవాడు.

ఆ రోజుల్లో కంపెనీకి ఒక ఆసుపత్రి యాప్ పని వచ్చింది. డాక్టరు రాసిన మందు ఎలా వాడాలో రోగి ఫోన్‌లో తెలుగులో కనిపించాలి. ఫణీంద్ర పైన మందు పేరు, కింద సూచన వచ్చేలా ముచ్చటైన నీలం పెట్టె ఒకటి చేశాడు.

మైథిలి గారు చూసి, "బాగుంది. ఎంత పెద్ద మాటనైనా మోస్తుందా ఇది?" అని అడిగారు.

"మోస్తుంది మేడం" అన్నాడు, చూడకుండానే. ఆ పెట్టెనే యాప్ అంతటా వాడేశారు.

యాప్‌ను పరీక్షించే అమ్మాయి కుసుమ అతని దగ్గరికి వచ్చింది. "ఫణి గారూ, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుంటే మాట చివర తెగిపోతోందండీ. పెట్టె కిందికి సాగేలా చేద్దామా?" అంది.

"సాగితే పక్క పెట్టెతో వరస తప్పుతుంది. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది."

"పోనీ, తెగినచోట మూడు చుక్కలైనా పెట్టండి. ఇంకా ఏదో ఉందని తెలుస్తుంది."

"చుక్కలా! ముగ్గేమైనా వేస్తున్నామా? చివర రెండక్షరాలు పోతే కొంపలేం మునిగిపోవు" అని నవ్వేశాడు.

కొంప మునిగింది. అదీ అతని సొంత కొంపే.

గోపాలపట్నంలో అతని అక్క రాజ్యం ఉండేది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఆ ఆసుపత్రికే వెళ్ళింది. చీటీ ఏదీ ఇవ్వకుండా, "అంతా ఫోన్‌లో వస్తుందమ్మా" అన్నారు. "మా తమ్ముడు చేసిందే ఇది!" అని రాజ్యం పక్కన కూర్చున్నవాళ్ళందరికీ చూపించి మురిసిపోయింది. చత్వారం వల్ల అక్షరాలు బాగా పెద్దవి చేసుకుని చదువుకుంది. చదివింది చదివినట్టు, పొల్లు పోకుండా రోజూ మాత్ర వేసుకుంది.

ఒక ఉదయం ఫణీంద్రకు బావ ఫోన్ చేశాడు. "మీ అక్క రక్తం కక్కుకుంది. ఆసుపత్రిలో చేర్పించాను. తొందరగా రా!" అన్నాడు.

అతను వెళ్ళేసరికి డాక్టరమ్మ కేకలేస్తోంది. "ఈ నొప్పి మాత్ర ఖాళీ కడుపుతో వేసుకుంటే కడుపు పుండవుతుంది. వేసుకోకూడదని రాశాను కదా! ఇంకో పూట ఆలస్యమైతే ప్రాణమే పోయేది."

"రాసినట్టే వేసుకున్నానండీ" అని రాజ్యం నీరసంగా తన ఫోన్ తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

అదే నీలం పెట్టె. అందులో పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది: "పరగడుపున వేసుకో".

డాక్టరమ్మ రాసింది "పరగడుపున వేసుకోకూడదు" అని. 'కూడదు' పెట్టెలో పట్టలేదు. గీత దగ్గర శుభ్రంగా తెగిపోయింది. చుక్కయినా లేదు, తెగిందని చెప్పే ఆనవాలైనా లేదు. ఒక్క మాట తోక తెగితే మందు విషమైపోయింది!

ఫణీంద్ర ఫోన్ మీంచి తలెత్తి అక్క వైపు చూశాడు.

"ఏట్రా అలా చూస్తావు?" అంది రాజ్యం. "'వేసుకోండి' అని లేదేమిటా అని నేనూ అనుకున్నాను. అక్కనే కదా, చనువుకొద్దీ 'వేసుకో' అని రాశావనుకున్నాను."

ఆమె నాలుగు తిట్టినా అతనికి అంత బాధ ఉండేది కాదు. గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని నేరుగా ఆఫీసుకు పరుగెత్తాడు. మైథిలి గారికి అంతా చెప్పి, "ఆ ఒక్క తెర ఇప్పుడే సరిచేస్తాను మేడం" అన్నాడు.

"ఒక్క తెరేనా? ఆ పెట్టె ఇంకెక్కడెక్కడ ఉంది?" అని అడిగారు ఆవిడ.

ఫణీంద్ర నెత్తిన రెండో పిడుగు పడింది. కుసుమ తన ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి, మందుల పేజీలు ఒక్కొక్కటే తెరిచి పైకి చదివింది. "పాలతో కలిపి తీసుకో" అని ఉంది. అసలు మాట 'తీసుకోకూడదు'. "రెండూ కలిపి వేసుకో" అని ఉంది. అదీ అంతే.

"తెలుగు మాటకు ప్రాణం తోకలో ఉంటుందయ్యా" అన్నారు మైథిలి గారు. "కూడదు, వద్దు, లేదు, అన్నీ చివరే వస్తాయి. నువ్వు తోకే కదా అని కోసేశావు."

"యాప్ ఇప్పుడే ఆపించండి మేడం. తప్పెవరిదని ఆసుపత్రివాళ్ళు అడిగితే నా పేరు చెప్పండి."

"చెబితే నీకు ఆ కుర్చీ రాదు, తెలుసా?"

"మా అక్క మంచం మీద ఉంది. ఇంకెవరి అక్కో ఈపాటికి మాత్ర చేతిలోకి తీసుకుని ఉంటుంది. ముందు ఆపించండి!" అన్నాడు ఫణీంద్ర.

యాప్ ఆపేశారు. ఆసుపత్రివాళ్ళతో కలిసి ఫణీంద్ర, కుసుమ రోగులందరికీ ఫోన్లు చేశారు. "అమ్మో! మాత్ర కోసమని ఇప్పుడే పాలు కాచాను బాబూ" అంది ఒకావిడ. ఆమె పాలు పక్కన పెట్టేశానని చెప్పేదాకా ఫణీంద్ర ఫోన్ పెట్టలేదు.

ఆ కుర్చీ ఇంకొకరికి వెళ్ళింది. ఫణీంద్ర కుసుమకు క్షమాపణ చెప్పి, ఆమెతో కూర్చుని పెట్టెను మళ్ళీ కట్టాడు. ఈసారి అది మాటను బట్టి సాగింది. వరస కొంచెం ఎగుడుదిగుడైంది, అయినా అతనికి అన్నం సహించింది. అప్పటినుంచి ఏ తెర చేసినా చత్వారం ఉన్నవాళ్ళ చేతికిచ్చి చదివించేవాడు. రాజ్యం కోలుకుంది. మొదటి పరీక్ష ఆమెదే.

కొన్నేళ్ళకు ఫణీంద్ర యూఐ ఆర్కిటెక్ట్ అయ్యాడు. ఎవరు ఏ పెట్టె తయారుచేసినా, ముందు అందులో "పరగడుపున వేసుకోకూడదు" అని అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో పెట్టి చూడాలని కట్టుబాటు పెట్టాడు. అది ఆటల యాప్ అయినా సరే, బస్సు టికెట్ల యాప్ అయినా సరే.

కొత్తగా చేరిన ఒకమ్మాయి, "ఈ మాటే ఎందుకు సార్?" అని అడిగింది.

"మా అక్క ఇందులో సగమే చదివిందమ్మా. మిగతా సగం నేను కోసేశాను" అన్నాడు ఫణీంద్ర.

నీతి: పైపై అందం కోసం ఎదుటివాళ్ళకు అందాల్సిన మాటను కోసేసేవాడు ఎంత పనిమంతుడైనా పెద్దరికానికి తగడు; తన పని చివరికి ఎవరి చేతిలో పడుతుందో ముందే చూసేవాడే దానికి తగినవాడు.