పేనుబంకకి పురుడు పోసిన పోలమ్మ

కాళ్ళు చాపు. చాపావా? దుప్పటి తన్నకు. ఉండు, ఇంకొకటి కప్పుతాను. ఉక్కపోస్తోందా? నోర్ముయ్, మార్గశిరంలో ఉక్కేమిటే! ఊఁ కొడుతుంటేనే కథ, లేకపోతే లేదు.

అనగనగా కొండ కింద ఒక ఊళ్ళో, చలికి కోడి కూడా ఆలస్యంగా లేచే ఊళ్ళో, పోలమ్మ అని ఒక మంత్రసాని ఉండేది. ఊళ్ళో సగం మంది ఆవిడ చేతుల మీద పుట్టినవాళ్ళే. ఆవిడకి తెలిసిన వైద్యం ఒక్కటే, వెచ్చదనం. బాలింతకి కాస్త చలిగాలి తగిలిందంటే ఆ ఇంట్లోవాళ్ళకి ఆ పూట తిట్లతోనే భోజనం.

ఆ పోలమ్మ పెరట్లో ఒకే ఒక్క చిక్కుడుపాదు ఉండేది. వాళ్ళమ్మ పోతూ పోతూ చేతిలో పెట్టిన విత్తనం అది. ఆ ఏడు కుండలో దాచిన గింజలన్నీ పుచ్చిపోయి, ఒక్కటంటే ఒక్కటే మొలిచింది. ఆ పాదు కాసి, కాయ ఎండి, గింజ చేతికొస్తేనే మళ్ళీ విత్తనం. లేకపోతే అమ్మ చిక్కుడు ఇక లేనట్టే. అందుకని పోలమ్మ రోజూ పొద్దున్నే దాని ముందు నించుని, "ఏమ్మా, ఎలా ఉన్నావు?" అని అడిగేది.

అప్పుడు పాదు తొలిపూత పూసింది. అప్పుడే చలీ ముదిరింది. "అయ్యో, తొలిచూలు పిల్ల!" అని పోలమ్మ కంగారుపడిపోయింది.

ఆ తీగ చివర ఒక పేనుబంక చేరింది. నువ్వుగింజంత నల్లపురుగు. తీగలో మూతి గుచ్చి రసం పీల్చడమే దాని పని. దానికి మొగుడు లేడు, పెళ్ళి లేదు, పేరంటం లేదు. గుడ్లు పెట్టి కూర్చునే పనీ లేదు. తిన్నగా పిల్లల్నే కంటుంది, అన్నీ ఆడపిల్లలే. పుట్టిన పిల్ల కడుపులో అప్పటికే ఇంకో పిల్ల తయారు! నవ్వకే, నిజం. కానీ ఆ చలికి దాని ఒళ్ళు కొంకర్లు పోయింది. రెండ్రోజులకి ఒక్క పిల్లని కనడమే గగనమైపోయింది.

అప్పుడు పోలమ్మ తన కంబళి తెచ్చి పందిరి మీద కప్పింది. లోపల చలి తగ్గింది. పేనుబంక "హమ్మయ్య" అని ఒళ్ళు విరుచుకుని రోజుకి ఇద్దర్ని కంది.

ఆ తర్వాత నాలుగాకులు ముడుచుకున్నాయి. "తల్లికి చలి సోకింది" అని పోలమ్మ పందిరి చుట్టూ గోనెపట్టాలు కట్టేసింది. పేనుబంక రోజుకి నలుగుర్ని కంది.

ఆ తర్వాత తీగే వాడిపోయింది. ఇక లాభం లేదని, బాలింతల మంచం కింద పెట్టే కుంపటి తెచ్చి, సన్నగా నిప్పులేసి పందిరి కింద పెట్టింది పోలమ్మ. ఇక చూస్కో నా సామిరంగా! రోజుకి ఎనిమిది. నెలకి గానీ పెద్దవ్వని పిల్ల వారం తిరక్కుండా తల్లయిపోయింది. ఇంకో వారానికి అమ్మమ్మ అయిపోయింది. తీగంతా కాటుక పూసినట్టు నల్లబడింది. వాటి ఒంట్లోంచి కారే తియ్యటి బంక కోసం చీమలు బారసాల భోజనానికి వచ్చినట్టు వరస కట్టాయి.

అప్పుడు పక్కింటి నూకాలు నిప్పు కోసం వచ్చింది. కూరపాదులు పెంచి అమ్ముకునే మనిషి. గోనె పైకెత్తి లోపలికి తొంగి చూసి గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో! ఏటప్పా ఇది? నువ్వు పురుడు పోస్తన్నది పాదుకి కాదు, పేనుబంకకి!"

"ఊళ్ళో కాన్పులన్నీ చేసినదాన్ని, నాకు చెప్తావా నువ్వు?" అని పోలమ్మ కయ్యిమంది.

"చలేస్తే ఆ పురుగు ముడుచుకుంటది. మండుటెండకి మాడిపోద్ది. గోరువెచ్చగా ఉందంటే మాత్రం కనడమే కనడం. చిక్కుడు చలికాలం పిల్లప్పా, దానికి కంబళెందుకు?"

పోలమ్మ ఏదో అనబోయి పాదుని ముట్టుకుంది. పూలగుత్తి పుటుక్కున ఊడి చేతిలో పడింది. ఇక తీగ మీద మిగిలింది ఒకే ఒక్క గుత్తి. "మా అమ్మ గింజని నా చేత్తోనే చంపుకుంటున్నానే!" అని అక్కడే కూలబడి గొల్లుమని ఏడ్చింది.

ఏడుస్తూనే కుంపటి తీసింది. గోనెలు విప్పింది. కంబళి లాగేసింది. తీగ కడుగుదామని లేచి, అలవాటు పోక వేణ్ణీళ్ళు కాచబోయింది. నూకాలు చెయ్యి పట్టుకుని చన్నీళ్ళ చెంబు అందించింది.

ఆ తర్వాత చలిగాలి తగిలింది. పేనుబంకల కాన్పులు మళ్ళీ రెండ్రోజులకి ఒకటైపోయాయి. మధ్యాహ్నం ఎండ పొడకి, పేనుబంకల్ని తినే ఎర్రటి అక్షింతల పురుగులు వచ్చాయి. పాపం, అన్నాళ్ళూ గోనెల బయట తిరిగి తిరిగి ఉత్త కడుపుతో పోయినవే. ఇప్పుడు కరువు తీరా తిన్నాయి.

ఆ మిగిలిన గుత్తికి మూడే మూడు కాయలు కాశాయి. ఎండాక వలిస్తే పదకొండు గింజలు. పోలమ్మ వాటిని కొంగున ముడేసుకుని నూకాలికి రెండిచ్చింది.

ఆ పోలమ్మ ఎవరనుకున్నావు? మా అమ్మ. ఆ గింజల వంశమే మన పెరట్లో పాదు. ఇందాక అన్నంలోంచి ఏరి కంచం పక్కన పెట్టావే, చూశాన్లే, అవే. రేపు తింటావా? ఊఁ అను.

ఏమిటీ, ముందు దుప్పటి తియ్యాలా? ఏదీ, నుదురు చూడనీ. అయ్యో అయ్యో, చెమటకి తడిసిపోయావు కదే తల్లీ! దుప్పటి మీద దుప్పటి కప్పానా నేను? ఖర్మ, నేనూ మా అమ్మ కూతుర్నే. ఇదిగో, తీసేశాను.

కథ పోయె కంచికి,
కాయ పోయె కంచానికి,
కంబళి పోయె దండేనికి,
నిద్దరొచ్చె మంచానికి!