తేనెపట్టు మీద అల

పిల్లలూ, ఈ కథ మీకు ఎవరూ చెప్పి ఉండరు. మీరు పెరుగుతున్న చోట ఈ కథలోలాంటి కొండలు లేవు. అందుకే మొదటినుంచీ చెబుతాను.

నల్లమల అడవిలో ఎలుగుబంట్లు, నెమళ్ళు, అడవిపందులు ఉండేవి. అక్కడే ఒక కొండచరియ కింద పెద్ద తేనెపట్టు వేలాడుతుండేది. వేల తేనెటీగలు ఒకదాన్నొకటి పట్టుకుని దాన్ని తెరలా కప్పి ఉండేవి. ఆ తెర వెనక చిన్న చిన్న గదుల్లో వాటి పిల్లలు పెరిగేవి.

తెర అంచున చినరెక్క అనే తేనెటీగ ఉండేది. గాలివానకు దాని రెక్క సగం చిరిగిపోయింది. ఇక ఎగరలేదు. పక్కనున్న ఈగ పొట్ట పైకెత్తితే వెంటనే తనూ ఎత్తేది. అదొక్కటే దాని పని. అలా ఒకదాని తర్వాత ఒకటి ఎత్తుతుంటే పట్టంతా నల్లటి అల పాకేది. చూసిన శత్రువుకు కళ్ళు తిరిగేవి.

ఒక మధ్యాహ్నం గండుడు అనే పెద్ద కందిరీగ ఆ పిల్లల్ని తినడానికి వచ్చాడు. అల లేచింది. గండుడు వెనక్కి తగ్గాడు.

చినరెక్క పక్కనున్న శూలి అనే ఈగకు అది నచ్చలేదు. "పొట్టలూపడం కూడా ఒక యుద్ధమేనా? వాడికి నా ముల్లు చాలు!"

"ఆగక్కా! నువ్వు కదిలితే ఇక్కడ సందు పడుతుంది."

"ఎగరడం చేతకాదు గానీ, నాకు బుద్ధులు చెబుతావా?"

శూలి ఒంటరిగా దూకింది. గండుడు దాన్ని గాల్లోనే రెండుగా కొరికేశాడు.

సందు పడింది. అల అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. గండుడు సరిగ్గా ఆ సందు ముందే వాలాడు.

"మీకు ఆజ్ఞలిచ్చేదెవరు? దాన్ని అప్పగించండి. మిగతావాళ్ళ జోలికి రాను."

వెనక గదిలో పిల్లలు కదులుతున్నాయి. చినరెక్క ముందుకాలు చాపి, సందుకు అటువైపున్న ఈగను గట్టిగా పట్టుకుంది.

"ఆజ్ఞలేమిటి మామా? నేను నా పక్కదాన్ని చూస్తాను. అది దాని పక్కదాన్ని చూస్తుంది. అంతే. అప్పగిస్తే అందర్నీ అప్పగించాలి. మేం ఒక్కదాన్నీ ఇవ్వం. పో!"

"చిరిగిన రెక్కకు ఎంత పొగరు!" అని గండుడు మీదికి ఎగిరాడు.

చినరెక్క పొట్ట ఎత్తింది. అటువైపు ఈగ ఎత్తింది. అల సందు దాటింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పాకింది. గండుడి చూపు ఒక్కచోట నిలవలేదు. గురి తప్పి తెర మధ్యలో పడ్డాడు. చుట్టూ ఉన్న ఈగలన్నీ ఒక్కసారిగా ముసురుకున్నాయి. ఆ తర్వాత గండుడు ఎవరికీ కనిపించలేదు.

నీతి: పక్కవారితో లయ తప్పని చిన్నవాణ్ణి ఎంత బలవంతుడూ లొంగదీయలేడు, ఈ మాట మీ దగ్గరే ఆగిపోనివ్వకండి, మీ పక్కనున్నవారికి చెప్పండి.