మూడు గంటల దూరం

వేదవల్లమ్మగారికి ఒక అలవాటుంది. ఎవరు ఎంత పెద్ద ప్రశ్న అడిగినా, ముందు "అన్నం తిన్నావా?" అంటారు. ఘనా దేశంలో, అక్రా నగరంలో, ఆదివారాలు ఆవిడ ఇంట్లో చేరే తెలుగువాళ్ళకి ఇది పాత సంగతే. వేదాంతం చెబుతుందని వస్తే పప్పన్నం పెట్టి పంపేస్తుందేమిటీవిడ అని విసుక్కున్న వాళ్ళూ లేకపోలేదు. ఆ ఆదివారం విసుక్కోవడం పురంధర్ వంతయింది.

అతను ఒక మందుల గోడౌన్‌లో మేనేజరు. భార్య నీరజాక్షి ఇథియోపియాలో, బహిర్ దార్ అనే ఊళ్ళో, యూనివర్సిటీ లెక్చరరు. ఆమె రెండేళ్ళ ఒప్పందం ఈ నెలతో ముగుస్తుంది. ఇంకో రెండేళ్ళు ఉంటుందో, అక్రా వచ్చేస్తుందో రేపు సోమవారం సంతకం పెట్టి చెప్పాలి. ఉండిపొమ్మని చెప్పేద్దామని పురంధర్ తేల్చుకున్నాడు. ఉండిపొమ్మంటే ఇక కలిసి ఉండడం లేదని అర్థం, అది ఇద్దరికీ తెలుసు. తేల్చుకున్నాడన్న మాటే గానీ మనిషికి స్థిమితం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికెళ్ళాలో తోచదు.

"అమ్మా, ఎదుటిమనిషి మనకోసం వెంట్రుకవాసి కదలకపోతే, మనమొక్కళ్ళమే ఎన్నాళ్ళు కదలాలి?" అని అడిగాడు.

"ఒంటిగంట దాటుతోంది. అన్నం తిన్నావా?"

"పదింటికే తిన్నానమ్మా."

"పదింటికి భోజనమేమిటి నాయనా?"

అప్పుడు గానీ అతని మనసులో మాట బయటికి రాలేదు. బహిర్ దార్ గడియారం అక్రా కన్నా మూడు గంటలు ముందు. నీరజాక్షికి దగ్గరగా ఉండాలని మూడు నెలల కిందట అతను తన రోజంతా ఆ గడియారానికి జరిపేసుకున్నాడు. ఆమె భోజనాల వేళకి తను భోంచేస్తాడు, ఆమె నిద్రపోయే వేళకి, అంటే ఇక్కడ ఇంకా దీపాలు పెట్టే వేళకే, ఫోను ఆపేసి పడుకుంటాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, అక్కడ ఏడయింది గదా అని ఫోను చేస్తాడు. గోడౌన్ వాళ్ళు పొద్దున్నే అన్నం తినే మనిషని నవ్వుకుంటున్నారు. ఇంత చేసినా ఆవిడగారు ఫోనెత్తదు. తను నిద్రలో ఉన్నప్పుడు చూసి చేస్తుంది, చేశానని చెప్పుకోవడానికన్నట్టు. ఇదంతా ఆమెకి చెప్పలేదు. చెబితే దెప్పినట్టుంటుందని.

వేదవల్లమ్మగారు చేతిలో గరిటె పక్కన పెట్టి, "ఫోను చెయ్యి, అందరికీ వినబడేట్టు పెట్టు. అన్నం తిన్నావా అని ఒక్క ముక్క అడుగు" అన్నారు.

అక్కడిప్పుడు సాయంత్రం నాలుగమ్మా, ఎప్పుడో తినేసుంటుంది అని గొణిగాడు. గొణిగినా చేశాడు. గురువుగారి మాట గదా.

ఈసారి మొదటి రింగుకే ఎత్తింది. "ఏమండీ, మీరేనా? ఇప్పుడే కంచం ముందు కూర్చున్నాను."

"నాలుగింటికా?"

"మీకు ఒంటిగంటే గదండీ" అంది నీరజాక్షి. ఆ పైన చెప్పాలో వద్దో అన్నట్టు చెప్పింది. "మీరు తినేటప్పుడే నేనూ తింటున్నాను, మూడు నెలలుగా. వాళ్ళ ఈస్టరు ముందు ఇక్కడందరూ మధ్యాహ్నం దాకా ఉపవాసముంటారు. మా ఇల్లుగలావిడ నేనూ ఉంటున్నానని మురిసిపోయింది. పండగ వెళ్ళి నెల దాటింది, ఇంకా ఆపవేమిటని ఇప్పుడు తిడుతోంది. వీళ్ళ లెక్కే వేరు, పొద్దు పొడిచిన దగ్గర్నుంచి గంటలు లెక్కపెడతారు. మన నాలుగు వాళ్ళకి పది, పది కొట్టాక అన్నమేమిటే అంటుంది. నాకా, పడుకునేసరికి మన లెక్కన రాత్రి ఒంటిగంటా రెండూ అవుతోంది. మీరు పడుకునే ముందు మాట్లాడదామని రోజూ కూర్చుంటాను, మీ ఫోను ఆపేసి ఉంటుంది. పొద్దున లేవలేక క్లాసుకి పరిగెత్తడమే. ఇక నాతో మాట్లాడాలని లేదేమో అనుకుని, రేపు సంతకం పెట్టేద్దామని…"

ఆ మాట పూర్తి కాలేదు. పురంధర్ మూడు నెలలు ఆమె మీద పెంచుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సిగ్గుపడ్డాడు. "పెట్టకు నీరూ" అని మాత్రం అనగలిగాడు. తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, ఒకరి మాట మీద ఒకరు పడిపోతూ.

ఫోను పెట్టేశాక అతను అమ్మగారి వైపు తిరిగాడు. "మరి ఇంత చేసి కూడా మేమెందుకు కలవలేదమ్మా?"

వేదవల్లమ్మగారు అతని ముందు విస్తరి వేస్తూ అన్నారు. "ఇద్దరూ ఒకేసారి ఒకరింటికొకరు బయల్దేరారు నాయనా. ఇక తలుపెవరు తీస్తారు?"