మలుపుకి ఎంత ముందు

కూర్మయ్య గురువుని ఎవరేటడిగినా వెంటనే బదులు చెప్పీవోడు కాదు. "ముందు నన్ను లేవదియ్యి, నూతికాడికెళ్ళొద్దాం" అనీవోడు. చూపు పోయి పదేళ్ళయింది ఆయనకి. శిష్యులే వంతులేసుకుని చెయ్యట్టుకు నడిపించీవోరు. నూతిగట్టు ఎక్కడానికి ఒక రాతిమెట్టుంది. అది రాకముందే కేకెయ్యాలి.

ఆ శిష్యుల్లో దాలినాయుడని ఒకడు, రోడ్డు గ్యాంగులో మేస్త్రి. వాడి వంతొస్తే అరటిచెట్టు కాడే "మెట్టు, గురువా!" అనీసీవోడు. గురువు గాలిలాగ నడిచిన రోజుల్లో పడిన అలవాటది. అంత ముందు చెప్తేగాని అప్పుడు కాలు ఆగీది కాదు.

ఆ ఏడు జీడితోపు మలుపులో దాలినాయుడి తమ్ముడు బండితో సహా లోయలో పడి చచ్చిపోయాడు. దాంతో అక్కడ అరవై ఉన్న స్పీడుని ముప్పై చేశారు. "ఇప్పుడు బండ్లు మెల్లగొస్తాయి కదా, మలుపుందని చెప్పే బోర్డు అంత ఎడంగా దేనికి? పీకేసి మలుపుకి దగ్గరగా పాతండి" అన్నాడు ఇంజినీరుబాబు. దాలినాయుడికి గునపం పట్టడానికి చెయ్యి రాలేదు. మూడ్రోజులు ఏవో వంకలు చెప్పి తప్పించుకున్నాడు. నాలుగోనాడు పొద్దున్నే వచ్చి గురువు కాళ్ళకాడ కూలబడ్డాడు.

"తమ్ముడు పోయిన చోటు గురువా అది. ఎంత ముందు చెప్తే అంత మంచిది కదా? దగ్గరికి జరిపితే ఇంకోడు పోడా? నా చేత్తో నేనే..."

"నన్ను లేవదియ్యి," అన్నాడు గురువు.

ఆ పొద్దుటి చలికి మోకాళ్ళు పట్టేసి గురువు నత్తలాగ కదుల్తున్నాడు. అరటిచెట్టు కాడికి రాగానే దాలినాయుడు ఎప్పట్లాగే "మెట్టు, గురువా!" అన్నాడు. గురువు కాలెత్తి వేశాడు. నేలే. మళ్ళీ ఎత్తాడు. నేలే.

"ఏదిరా మెట్టు? మీ అత్తారికి గానీ పట్టుకెళ్ళి ఇచ్చీసావా?"

"వస్తాది గురువా, వస్తాది."

ఇంకో నాలుగంగలు ఎత్తెత్తి వేశాడు. విసుగొచ్చి, పాదం ఈడ్చుకుంటూ మామూలుగా నడవడం మొదలెట్టాడు. అప్పుడొచ్చింది మెట్టు. బొటనవేలు రాతికి కొట్టుకుని ముందుకి తూలిపోతే, దాలినాయుడు రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. గోరు లేచిపోయి నెత్తురు కారతంది.

"అయ్యో, చెప్పాను కదా గురువా! అంత ముందే చెప్పాను కదా!" అంటూ తువ్వాలు చింపి కట్టు కడుతున్నాడు.

గురువు తడుముకుని వాడి తలమీద చెయ్యేశాడు.

"చెప్పావు నాయనా, కాదనను. ఆ జోరున నడిచినోడికి చెప్పావు. వాడు లేడు కదరా. ఇప్పుడొస్తన్నది నేను."