దుబాసీ ఎత్తిన పనసపండు

ఇందులో ఒక్క ముక్క కల్పించి చెప్పినా నాకు మిగిలిన రెండు పళ్లూ ఈ క్షణమే రాలిపోనీ.

పెదకంచేరు రాజావారు ఓ రోజు కలెక్టరు దొరతో చదరంగం ఆడారు. ఆట నడుమ దొర "ఐ గివప్" అని లేచి వెళ్లిపోయాడు.

"తిట్టాడా? పొగిడాడా? చెప్పండి!" అని సభలో రాజావారు గోల.

దొరల మాటలు తెలుగు చేసి చెప్పే దుబాసీ చెంగల్రాయ పంతులు మీసం దువ్వాడు. ఆయన ఇంగ్లీషంతా తలపాగాలోనే ఉండేది, తలలోకి దిగిన పాపాన పోలేదు.

"గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి. దొరగారు తమకేదో పైకెత్తి ఇస్తారు ప్రభూ. బంగారు పతకమే!"

తాంబూలాలందించే సన్నెమ్మ కిసుక్కున నవ్వింది. దొర బంగళాలో ఏడేళ్లు ఆయాగా చేసిన మనిషి మరి.

"ఆకులు మడిచేదానికి ఇంగ్లీషా? దీన్ని ఊరు దాటించండి ప్రభూ!" అని పంతులు గయ్యిమన్నాడు.

"ఏమే, అర్థం చెప్పు. చెప్పలేకపోతే ఊరొదిలి పో," అన్నారు రాజావారు.

సన్నెమ్మ లోలోపల లెక్కేసుకుంది. చెబితే తన మాట నమ్మేదెవరు? పంతులి నోటితోనే చెప్పించాలి.

"పైకెత్తి ఇవ్వడమేగా పంతులుగారూ? ఈ పనసపండు ప్రభువులకి అలాగే ఇచ్చి చూపండి."

ఎవరో రైతు కానుకగా తెచ్చి పళ్లెంలో పెట్టిన ఆ పండు గున్నేనుగంత. పంతులు పళ్లెంతో సహా నెత్తికి పైగా ఎత్తాడు. బిరుదులన్నీ చదివేదాకా రాజావారు కానుక ముట్టరు, అది ఆ సభ ఆచారం. ఉన్న నూట పదహారు బిరుదులకి మెప్పుకోసం మరో మూడొందలు తగిలించిన ఘనుడు ఈ పంతులే!

వందిమాగధుడు తాపీగా అందుకున్నాడు. ఇరవయ్యో బిరుదుకి పంతులి చేతులు వణికాయి. నలభయ్యోదానికి చెమట ఏరై పారి, ముందువరసవాళ్లు పంచెలు ఎగ్గట్టుకున్నారు.

"ఇంకెన్నిరా?"

"ఇంకా మీవి మొదలెట్టలేదండీ."

"నా వల్ల కాదు మహాప్రభో! ఓడిపోయాను, వదిలేస్తున్నాను!"

పండు దభీమని పడింది. సన్నెమ్మ చేతులు కట్టుకుంది.

"చిత్తం ప్రభూ. దొరగారన్నదీ ఇదే. కాకపోతే ఆయన మీసం దువ్వకుండా అన్నారు."

"అంటే ఆట గెలిచింది నేనా!" రాజావారి నవ్వుకి కోట గోడలు మూడు చోట్ల బీటలిచ్చాయి. దుబాసీ గద్దె సన్నెమ్మకి, తాంబూలం పళ్లెం పంతులికి దక్కాయి.

చాల్లే ఇకిలింపు. లేచి డాబామీద వడియాలు తీసుకురా, కాకులు సగం మేసేశాయి.